తుమ్ముల మధ్య అమ్మిన ఇల్లు

మా ఇల్లు తగలబడిన రోజు ఊరంతా ఏడ్చింది. మా మీద ప్రేమతో కాదు. ముందుగదిలో పత్తి అంటుకుంది, ఆ మంట వెనకగదిలో ఉన్న తాలు మిరపకాయల బస్తాలకు పాకింది. తాలు అంటే రంగు వెలిసి తెల్లబారిన కాయ. గుంటూరు మిర్చి యార్డులో దాన్ని ఎవరూ కన్నెత్తి చూడరుగానీ, ఘాటులో మాత్రం ఎర్రకాయకు ఏమీ తీసిపోదు. ఆ పొగ గాలివాటున ఊరి మీదికి దిగేసరికి టీకొట్టు దగ్గర పేకాట ఆడుతున్నవాళ్లు ముక్కలు పారేసి చేల వైపు పరిగెత్తారు. అద్దంకి నుంచి వచ్చిన ఫైరింజను వాళ్లు పైపు పట్టుకుని గుమ్మం దాకా రావడం, దగ్గుకుంటూ వెనక్కి పోవడం, ముక్కుకు గుడ్డ కట్టుకుని మళ్లీ రావడం, మళ్లీ పోవడం. చివరికి దూరం నుంచే నీళ్లు కొట్టారు. మంట ఆరేసరికి ముసలివాళ్లు, పిల్లలు, గొడ్లు, అందరి కళ్లల్లోనూ ధారలే.

సరిగ్గా అప్పుడే మా ఆడపడుచు పక్కూరి నుంచి వచ్చి ఆటో దిగింది. దిగీ దిగడంతోనే ఊరు ఊరంతా ఏడుస్తూ కనిపించింది. ఇంకేముంది, గుండెలు బాదుకుంటూ, "ఓరి తమ్ముడో, నన్నొదిలి పోయావా తమ్ముడో" అని రాగం ఎత్తుకుంది. ఆ తమ్ముడు పక్కనే బాల్చీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అక్కా, నేనీడే ఉన్నా" అన్నాడు మా ఆయన.

ఆవిడ రాగం ఆపి నా వైపు చూసింది. నేనూ నిక్షేపంలా నిలబడే ఉన్నాను. "మరి ఎవురు పోయార్రా?" అంది. ఎవరూ పోలేదని తెలిశాక కూడా పాపం వెంటనే ఏడుపు ఆపలేకపోయింది, కళ్లు ఆగితేనా. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆవిడ మా ఇంటి కోసం కంటతడి పెట్టడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

నిజంగానే ఎవరికీ ఏమీ కాలేదు. నేను చేలో చివరి తీత పత్తి తీయిస్తున్నాను, ఆయన టీకొట్టు దగ్గరున్నాడు. ముందుగదిలో స్విచ్చిబోర్డు పత్తికుప్ప వెనక కూరుకుపోయి కొన్నేళ్లయింది. ఫ్యాను వేయాలంటే చెయ్యి భుజం దాకా పత్తిలోకి దూర్చి తడుముకోవాల్సిందే. అలాంటి బోర్డు ఎప్పుడో ఒకరోజు నిప్పు రాజేయక ఏం చేస్తుంది?

మా వైపు పత్తి వేసే ఇళ్లల్లో పంటను గదుల్లో పోసుకోవడం కొత్తేమీ కాదు. చేలోంచి తెచ్చింది తెచ్చినట్టే గదిలో పోసి, కాళ్లతో తొక్కి, పైకప్పు దాకా నింపి, రేటు కోసం కూర్చుంటారు. ఎవరైనా నెలో రెండు నెలలో కూర్చుని అమ్మేస్తారు. మా ఆయన అలా కాదు. మా పెళ్లయిన కొత్తలో ఒక్కసారి, అందరూ తెగనమ్ముకున్నాక ఈయన ఆగి అమ్మితే బ్రహ్మాండమైన రేటు పలికింది. ఆ డబ్బుతోనే ఈ మూడుగదుల డాబా కట్టాడు. శ్లాబు వేశాక కూలివాళ్లను నమ్మకుండా తనే బిందెలతో నీళ్లు మోసి తడిపాడు. మా వీధిలో అదే మొదటి డాబా. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ ఒక్కసారి అచ్చొచ్చేసరికి ఇక ఏటా ఆగడమే. ఆగిన ప్రతిసారీ రేటు దిగడమే. అడిగితే, "పెరుగుద్దిలే, నీకెందుకు" అనేవాడు.

అలా పత్తి ఇంట్లోనూ మేము వసారాలోనూ కాపురం చేశాం. చుట్టాలొస్తే పత్తి మీదే పక్క వేసేవాళ్లం, పాపం వాళ్లకు పైకప్పు ముక్కుకు తగిలేది. మా అమ్మాయి పదో తరగతి చదువంతా మిరప బస్తాల మీద కూర్చునే చదివింది. దాని పెళ్లిచూపులు పక్కింటి పిన్నిగారి హాల్లో జరిగాయి, మా హాల్లో పెళ్లికొడుకు పట్టడు గనక. పెళ్లయి అది నరసరావుపేట వెళ్లిపోతే, దాని మంచం ఉన్నచోట ఇంకో నాలుగు బస్తాలు సర్దవచ్చని ఈయన మొహం వెలిగిపోయింది. అప్పుడు నాకు ఎంత మండిందో మాటల్లో చెప్పలేను.

నాకు ఆయాసం ఎప్పుడు మొదలైందో సరిగ్గా గుర్తులేదుగానీ, పత్తి గదిలోకి చేరిన కొద్దికాలానికే మొదలైంది. పడుకుంటే గుండెల్లో పిల్లికూతలు. తెల్లవారుజామున లేచి కూర్చుని గాలి కోసం నోరు తెరుచుకోవడం. అద్దంకిలో డాక్టరు గారు ఎన్నోసార్లు చెప్పారు. "పత్తి నుసీ మిరప ఘాటూ మీకు పడవమ్మా. వాటి మధ్య ఉన్నన్నాళ్లూ నేను మందులు మారుస్తూ ఉండాల్సిందే." ఆ మాట ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "డాక్టర్లు అట్టనే అంటారు. మిరపకాయ పడకపోతే గుంటూరు చుట్టుపక్కల మనుషులు ఎట్టా బతుకుతన్నారు?" అని తేల్చేశాడు.

ఇల్లు తగలబడ్డాక అద్దంకిలో బస్టాండు వెనక సందులో మేడ మీద చిన్న పోర్షను అద్దెకు తీసుకున్నాం. ఒక గది, ఒక వంటగది. ఇంటావిడ ముందే షరతు పెట్టింది. "రైతుల్ని చూస్తే నాకు భయమండీ. పత్తి, మిరపకాయలు, కందులు, ఏ పంటా మెట్లెక్కడానికి వీల్లేదు." ఆ తల్లికి అక్కడికక్కడే సాష్టాంగపడదామనిపించింది.

ఆ గదిలో రెండు వారాలు పడుకున్నానో లేదో, నా పిల్లికూతలు ఆగిపోయాయి. మొదట నాకే భయం వేసింది, గుండెల్లో ఏదో చెడిపోయిందేమోనని. మెట్లెక్కి దిగి చూశాను. మళ్లీ ఎక్కి చూశాను. ఊపిరి మామూలుగానే ఉంది. డాక్టరు గారు గొట్టం వీపుకు ఆనించి విని, రెండోసారి విని, "బాగా తగ్గిందమ్మా! కొత్తగా ఏం మందు వాడారు?" అని అడిగారు.

"ఇల్లు తగలబడిందండీ" అన్నాను.

ఆయన నవ్వాలో ఓదార్చాలో తెలియక కాసేపు చీటీ మీద కలం పెట్టుకుని కూర్చున్నారు. నాకైతే సంతోషంగానే ఉంది. ఈ మాట ఊళ్లో అంటే కొడతారుగానీ, ఇల్లు కాలిపోయినందుకు నేను లోపల్లోపల పండగ చేసుకున్నాను. పరామర్శకు వచ్చినవాళ్లు బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు చేతిలో పెట్టి, "ఎంత కష్టమొచ్చిందమ్మా" అని అంటుంటే, మొహాన్ని దిగాలుగా పెట్టడానికి నానా తంటాలు పడ్డాను.

ఈ లోపల మా ఆయన మళ్లీ ఇల్లు కట్టే పనిలో పడ్డాడు. ఒకరోజు నన్ను ఊరికి తీసుకెళ్లాడు. కాలిన ఇంటి ముందు ఖాళీ జాగాలో ముగ్గుపిండితో గీతలు గీసి కొత్త ఇంటి నమూనా పోశాడు. ఎంత పెద్ద గదో! నడుస్తుంటే అంతులేదు.

"ఇది హాలా?" అని అడిగాను.

"ఇది పత్తికి. గాలాడేట్టు పైన కిటికీలు పెట్టిస్తన్నా. ఇది మిరపకాయలకి."

"మరి మనం?"

ఆయన ముగ్గు డబ్బా పట్టుకుని అటూ ఇటూ చూశాడు. నిజంగా మర్చిపోయాడు. తర్వాత గేటు పక్కన ఇంత చోటు చూపించి, "ఈడ వసారా దించుకుందాంలే. రేటొచ్చి సరుకు పోయాక ఇల్లంతా మనదేగా" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పు కాలితోనే ఆ ముగ్గు గీతలన్నీ చెరిపేశాను. "కట్టుకో. నువ్వే కట్టుకో, నువ్వే పడుకో. నేను మాత్రం ఆ మేడ మీదనుంచి దిగను. ఇక్కడ మళ్లీ పడుకుంటే నేను చచ్చిపోతానయ్యా. ఇది అమ్మెయ్. వచ్చినదానితో అద్దంకిలో ఇంత గూడు కొనుక్కుందాం" అన్నాను.

"కాలిన కొంప అమ్ముకున్నాడని ఊళ్లో నామీద ఉమ్మేస్తారే" అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, "సరే, అమ్ముదాం. ఎవుడు కొంటాడో నేనూ చూస్తా" అన్నాడు. ఆయన ధీమా నాకు అర్థమైంది. కొనేవాడు దొరకడని, నాలుగు నెలలకు నేనే విసిగి దారికి వస్తానని.

ఆయన ధీమాకు కారణం లేకపోలేదు. ఆ ఇంట్లోకి అడుగుపెట్టిన మనిషి తుమ్మకుండా బయటకు రాలేడు. మంటలో మిరప ఘాటు గోడల్లోకి ఇంకిపోయింది. నేను ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని బయట నిలబడి, కూలి ఆడవాళ్లతో పేడనీళ్లు చల్లించాను, మజ్జిగ పోయించాను, వేపాకు పొగ పెట్టించాను, రెండు పూతలు సున్నం వేయించాను. పొద్దున పూట ఇల్లు మల్లెపువ్వులా ఉండేది. ఎండెక్కి గోడలు వేడెక్కాయా, లోపలినుంచి ఘాటు ఊరుతూ వచ్చేది. కాబట్టి ఎవరికైనా పొద్దున్నే ఇల్లు చూపించాలని నేను, మిట్టమధ్యాహ్నం చూపించాలని ఆయన.

మొదట వచ్చినాయన రిటైరైన బడి మాస్టారు. నేను పొద్దున్నే రమ్మని చెప్పాను. మా ఆయన నాకు తెలియకుండా ఫోన్ చేసి రెండింటికి మార్చాడు. పైగా పక్కింటి నుంచి వైరు లాగి స్టాండు ఫ్యాను పెట్టి, "ఉక్కగా ఉంది మాస్టారూ, కాస్త గాలి తగలనీయండి" అని స్విచ్చి వేశాడు. ఫ్యాను గోడ మూలల్లో ఉన్న నుసినంతా లేపి ఆయన మొహాన కొట్టింది. మాస్టారు గడప దగ్గరే తుమ్మారు. ఒక్కటే తుమ్ము.

మా వైపు ఒంటి తుమ్ముకు ఉన్న విలువ కోర్టు తీర్పుకు కూడా లేదు. ఏ పనికైనా బయల్దేరేటప్పుడు ఒక్క తుమ్ము పడితే ఆ పని అక్కడితో ఆగాల్సిందే. కూర్చోవాలి, గుక్కెడు నీళ్లు తాగాలి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. వెంటనే రెండో తుమ్ము పడిందా, మంచిదే, పని జరుగుతుందని లెక్క. మాస్టారు రెండోదాని కోసం మొహం పైకెత్తి చాలాసేపు ఆగారు. రాలేదు. దండం పెట్టి వెళ్లిపోయారు.

కానీ జాగా ఆయనకు నచ్చినట్టుంది. వారం తిరిగేసరికి ఒక వాస్తు సిద్ధాంతిగారిని వెంటపెట్టుకుని మళ్లీ వచ్చారు. సిద్ధాంతిగారు ధోవతి ఎగ్గట్టి, దిక్సూచి అరచేతిలో పెట్టుకుని, కళ్లనీళ్లు కారుతుండగా ఇల్లంతా తిరిగారు.

"పత్తి ఏ గదిలో పోశారు?"

"ముందుగదిలోనండీ" అన్నాడు మా ఆయన.

"అది ఈశాన్యం. ఈశాన్యంలో బరువు పనికిరాదు. మీరు తీయలేదు, అగ్నిహోత్రుడే వచ్చి తీశాడు. ఆ మూల గోడ కూడా కూలింది చూశారా? వెలుతురు ఎంత బాగా వస్తోందో! ఇప్పుడు ఈ ఇంటికి వంక పెట్టడానికి లేదు."

"పైన శ్లాబు పగిలిందండీ, పడిపోయేట్టుంది" అన్నారు మాస్టారు భయంభయంగా.

"శ్లాబు సంగతి మేస్త్రీని అడగండి. వాస్తు మాత్రం దివ్యంగా ఉంది."

మాస్టారు కొంటానన్నారు. ఆయన ఇస్తానన్న ధర కూడా న్యాయంగానే ఉంది. నేను లోపల్లోపల దేవుళ్లందరికీ దండాలు పెట్టుకుంటున్నాను. అప్పుడు మా ఆయన గడ్డం నిమురుకుంటూ అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"ఇప్పుడే ఇవ్వంలెండి మాస్టారూ. సిద్ధాంతిగారే ఇంత మాటన్నాక దీనికి గిరాకీ పెరుగుద్ది. కొన్నాళ్లు ఆగి చూస్తాం."

కాలిన ఇంటికి రేటు పెరగడమేమిటి? పైకప్పు సగం పెచ్చులూడి, కమ్మీలు బయటపడి, వాకిట్లో కాకులు కూడా వాలని కొంపకు! మాస్టారు వెళ్లిపోయాక తిట్టాను, బతిమాలాను, ఏడ్చాను. ఆయన దారి ఆయనదే. పత్తికి ఆగినట్టే ఇంటికీ ఆగాడు. ముసురుపట్టి ఒకరోజు వంటగది పైకప్పు కూలిందని పిన్నిగారు ఫోన్ చేస్తే, "ఏ సరుకైనా నిలవ ఉంటే కొంత తరుగు పోద్దిలే" అన్నాడు. పైగా ఊళ్లో ఎవరైనా ఇల్లు అమ్మితే ఎంత పలికిందో వాకబు చేసి వచ్చి, మార్కెట్టు మెత్తగా ఉందనో ఊపందుకుంటోందనో నాకు చెప్పేవాడు. ఈ లోపల మాస్టారు ఇంకెక్కడో ఇల్లు కొనుక్కున్నారు. ఆ కబురు విన్న రోజు నేను అన్నం తినలేదు.

పైగా ఆయనకు మళ్లీ పత్తి చేతికొచ్చే కాలం దగ్గరపడింది. "కొనేవాడు రాకపోతే, పోనీ రేకులేసి ఈ ఏడు పంటన్నా ఆడ పోద్దాం. కాపలాకి మనం ఎట్టాగూ వెళ్లాల్సిందేగా" అన్నాడు ఒక పొద్దున, ఇడ్లీ తుంచుకుంటూ. మళ్లీ ఆ వసారా, ఆ నుసి, తెల్లవారుజామున నోరు తెరుచుకుని కూర్చోవడం.

ఇక లాభం లేదని నేనే బయల్దేరాను. మా పక్కూళ్లో గేదెల బేరం చేసే సాయిబుగారు ఒకాయన ఉన్నారు. మా నాన్న కాలం నుంచీ మాకు పాలగేదెలు ఇస్తున్న మనిషి. ఆయనకు గేదెల్ని కట్టేయడానికి రోడ్డు పక్కన జాగా కావాలని పిన్నిగారు చెప్పింది. వెళ్లి అడిగాను. "కాలిన ఇల్లయితే ఏందమ్మా, గేదెలేమన్నా గృహప్రవేశం చేస్తాయా" అన్నారాయన.

ఈ కబురు చెప్పేసరికి మా ఆయన ఇంతెత్తున లేచాడు. "నేను నీళ్లు మోసి కట్టిన డాబాలో గేదెలా?"

"ఇన్నాళ్లూ పత్తి పడుకుంది, ఇప్పుడు గేదెలు పడుకుంటాయి. మనుషులు ఎప్పుడు పడుకున్నారు గనక, అంత పౌరుషం?" అన్నాను. అయినా ఊరుకుంటాడా? బేరం ఇంట్లోనే, గడప లోపలే జరగాలన్నాడు. అదీ మధ్యాహ్నమే తీరిక అన్నాడు. ఆ తెలివి నాకు తెలియనిది కాదు, కానీ బేరమంటూ కూర్చుంటే చాలని ఒప్పుకున్నాను.

ఆ మధ్యాహ్నం ముందుగదిలో రెండు కుర్చీలు వేశారు. కూలిన మూల నుంచీ కిటికీ నుంచీ సగం ఊరు తొంగి చూస్తోంది. అంతమంది ముందు ధర పైకి చెప్పడం ఇద్దరికీ ఇష్టంలేదు. సంతలో గొడ్ల బేరం ఎలా చేస్తారో అలా, మా ఆయన భుజం మీద తుండుగుడ్డ తీసి ఇద్దరి చేతుల మీదా కప్పారు. గుడ్డ కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని నొక్కడమే. ఎవరు ఎంత అన్నదీ ఆ ఇద్దరికి తప్ప మూడోవాడికి తెలియదు. నేను వాకిట్లో ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని నిలబడ్డాను. లోపలికి అడుగు పెట్టవద్దని డాక్టరు గారు ఒట్టు వేయించుకున్నారు.

సాయిబుగారు తుమ్మారు. "అల్‌హందులిల్లా" అన్నారు.

మా ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఒంటి తుమ్ము. ఆగుదాం."

"మాలో తుమ్మితే దేవుడికి దణ్ణం పెట్టుకుంటామన్నా, ఆగటమేంది?"

"మాలో ఆగాలి" అన్నాడు ఈయన. నీళ్లు తెప్పించి గుక్కెడు తాగి మళ్లీ కూర్చున్నారు. మళ్లీ తుండుగుడ్డ కప్పారు. ఈసారి కిటికీలోంచి చూస్తున్నవాడెవడో తుమ్మాడు. అదీ లెక్కలోకే వస్తుందన్నాడు మా ఆయన. మళ్లీ నీళ్లు. తర్వాత ఈయనే తుమ్మాడు. నాకు పెళ్లాంగా అనుభవం ఉంది కదా, కాస్త గమనించి చూశాను. సాయిబుగారి మొహంలో బేరం తెగేట్టుందనే కళ వచ్చినప్పుడల్లా మా ఆయన ముక్కు ఎగబీల్చి ఒక తుమ్ము తుమ్ముతున్నాడు. అందులో సగం దొంగతుమ్ములు! చెంబుడు నీళ్లు అయిపోయాయి, పిన్నిగారు రెండో చెంబు తెచ్చింది. ఆవిడ నవ్వాపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంటోంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇవాళ ఈ బేరం తెగకపోతే రేకులు పడతాయి, పత్తి వస్తుంది, నేను మళ్లీ ఇక్కడికి రావాలి. సాయిబుగారు విసుగ్గా లేవబోతున్నారు.

అంతే, నాకు తిక్క రేగింది. ముక్కుకున్న గుడ్డ లాగి పారేసి గడప దాటాను. సరిగ్గా అప్పుడే మా ఆయన మళ్లీ ఒకటి తుమ్మాడు. నేను వేడెక్కిన గోడ దగ్గరికి వెళ్లి గుండెల నిండా గాలి పీల్చి, ఇల్లదిరేట్టు రెండోది తుమ్మాను.

"రెండయ్యాయి! రెండు తుమ్ములు శుభం. ఇక తేల్చుకో" అని అరిచాను. అరవాలనుకున్నాను, నిజానికి. "రెండయ్యాయి" అనేదాకా వచ్చింది, మిగతా మాటకు గాలి లేదు. లోపలికి పీల్చింది బయటికి రావడం లేదు, బయటినుంచి లోపలికి పోవడం లేదు. గోడ పట్టుకుని కిందికి జారాను. కళ్ల ముందు సున్నపు గోడ తెల్లగా ఊగడం, పిన్నిగారు చెంబు జారవిడవడం, "అన్నా, ఖాయమేనా?" అని గుడ్డ కింద చెయ్యి తీయకుండానే సాయిబుగారు అడగడం, "ఆఁ ఆఁ" అని మా ఆయన గొంతు చించుకోవడం తెలుస్తున్నాయి. తర్వాత ఎవరో నన్ను ఎత్తుకుని వాకిట్లోకి తెచ్చారు. పిన్నిగారు నా సంచి కుమ్మరించి పీల్చే మందు నోట్లో పెట్టింది. నాలుగైదుసార్లు పీల్చాక లోకం మళ్లీ తిన్నగా నిలబడింది.

కాస్త తేరుకున్నాక చూస్తే, ఎత్తుకొచ్చింది మా ఆయనే. మట్టిలో నా పక్కనే చతికిలబడి ఉన్నాడు. సాయిబుగారు తుండుగుడ్డ మడిచి చేతిలో పెట్టుకుని దగ్గరికొచ్చారు.

"అన్నా, ఒక మాట. నేనప్పుడు గుడ్డ కింద ఏళ్లు నొక్కాను, నువ్వు గట్టిగా పట్టుకుని ఆఁ అన్నావు. అది నువ్వు అడిగేదానికి చానా తక్కువ. వదినమ్మకి అట్టా అయిన కంగారులో అన్నావేమో. నీకిష్టం లేకపోతే ఆ మాట నేను పట్టుకోను, వదిలేద్దాం."

అంత మంచితనం అవసరమా ఆ సాయిబుగారికి, ఆ సమయంలో? మా ఆయనకు పోయిన బేరం చేతిలోకి తిరిగొచ్చింది. ఇక రేటు కోసం ఆగుతానంటాడని నేను కళ్లు మూసుకున్నాను.

"లేదులే సాయిబూ. ఖాయమే" అన్నాడు.

ఎంతకు అమ్మాడో తెలుసుకోవాలని ఊళ్లోవాళ్లు పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. రిజిస్ట్రేషన్‌ రోజుదాకా నాకూ చెప్పలేదు. అప్పుడు విన్నాక, నిజం చెబుతున్నాను, నేనే రెండోసారి చెప్పించుకున్నాను. మాస్టారు ఇస్తానన్నదానిలో సగం కూడా లేదు. ఆ డబ్బుతో అద్దంకిలో కొనగలిగింది మేముంటున్న పోర్షను లాంటిదే ఇంకొకటి, ఒక గది, ఒక వంటగది. ఆ ఏడు పత్తి చేలోనుంచి తిన్నగా మిల్లుకు పోయింది. పోయేటప్పుడు ఆయన లారీ వెనకే కొంతదూరం నడిచి వచ్చాడట, డ్రైవరు చెప్పాడు.

ఆ కొత్త గదిలో సామాను సర్దుకున్న మధ్యాహ్నం, భోజనాలయ్యాక నేను మంచం మీద నడుం వాల్చాను. ఆయన గోడకు చేరబడి కూర్చున్నాడు. ఖాళీ గదిలో ఏం చేయాలో తెలియనట్టు చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. నాకు ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్న ప్రశ్న అడిగేశాను.

"సాయిబుగారు వదిలేస్తానన్నప్పుడు ఎందుకు వదల్లేదు? అసలు అంత తక్కువకు వేళ్లెట్టా పట్టుకున్నావు?"

"ఏళ్లు నేనెక్కడ చూశానే? నీకు ఊపిరొస్తందా లేదా అని చూస్తన్నా. ఏది దొరికితే అది పట్టుకున్నా."

ఆ మాట విన్నా నేను ఊరుకోలేదు, ఊరుకుంటే నేనెందుకవుతాను? "ఇన్నేళ్లూ ఊపిరి రాక పక్కనే కొట్టుకుంటుంటే కనపళ్లేదా నీకు?" అన్నాను.

ఆయన నేల చూస్తూ అన్నాడు.

"పెళ్లయిన కాణ్ణించీ నువ్వు నిద్దర్లో ఈలేస్తావనుకున్నానే. కొంతమంది అట్టా పడుకుంటారు గావాల అనుకున్నా. నాకు ఆ చప్పుడు లేకపోతే నిద్దర కూడా పట్టేది కాదు."

ఆ మాట అనేసి లేచాడు. కిటికీ ఒక రెక్క తెరిచే ఉంది. వెళ్లి రెండో రెక్క కూడా తెరిచి, గాలి నా మంచం మీదికి వస్తోందో లేదో చెయ్యి పెట్టి చూసి వచ్చి కూర్చున్నాడు.